పదమూడో ట్రే

తలుపు తీయగానే గుప్పుమన్న కంపుకి సబ్బు మేడం రెండడుగులు వెనక్కి వేసింది. తడిసి కుళ్ళిన గడ్డి, మూత్రం, వాడిపోయిన ఆకులు. వాటన్నిటి కిందా ఇంకేదో తీయటి, పాచి వాసన. 

పోలీసు డిపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో పెట్టిన పేరది, 'సబ్బు మేడం'. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక సబ్బుబిళ్ళ ఉంటుంది. శవాన్ని చూసొచ్చినా, లంచగొండితో చేయి కలిపినా వెంటనే కొళాయి వెతుక్కుంటుంది. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో వాళ్ళ మురికిలో చేతులు పెట్టి బతికిన మనిషికి మురికంటే ఇంత రోతేమిటని అందరూ నవ్వుకునేవారు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా పేరు మాత్రం ఆమెని వదల్లేదు. రోతా వదల్లేదు.

"రండి మేడం, రండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ముక్కు మీది జేబురుమాలు తీయకుండానే. "సబ్బు తెచ్చుకున్నారా? ఈ గదికి ఒక బిళ్ళ చాలదు."

ఆరేళ్ళ కిందట అతను ఆమె కింద పనిచేసేవాడు. ఆమె రాసిన నోట్సు కింద తన సంతకం పెట్టుకుని పైకొచ్చిన మనిషి. ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆ కుర్చీని తల్చుకున్నా ఆమెకి చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

"నాకెంత టైముంది?"

"ఇప్పుడు పదీ ఐదు. పదకొండింటికి మునిసిపాలిటీ బండి వస్తుంది. ఈ చెత్తంతా ఊడ్చుకుపోతారు. ఆ పిల్లని నేను స్టేషన్‌కి తీసుకుపోతాను. ఈ కంపు మేం భరించలేమని కింది వాటావాళ్ళు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు."

"సాక్ష్యాన్ని చెత్తబండిలో పంపిస్తావా?"

"సాక్ష్యం ఆ ట్రేలో ఉంది. ట్రే ల్యాబుకి పోతుంది. మిగతావన్నీ పెంటికలే."

జరిగింది ఇదీ. ఈ రెండో అంతస్తు వాటాలో రిటైరైన సైన్సు టీచరమ్మ, ఆమె మేనకోడలు, ఎలక జాతికి చెందిన ఆరు గినీ పందులు కాపురముంటున్నాయి. టీచరమ్మ ఆ గినీ పందుల కోసం ముందుగదిలో అరలు కట్టి, లైట్లు పెట్టి, ఆకుకూరలు పెంచుతోంది. నిన్న పొద్దున్న తొమ్మిదింపావుకి ఆమె ఈ గదిలోనే నేల మీద పడి కనిపించింది. ఐదు గినీ పందులు చచ్చిపోయాయి. టీచరమ్మ ఆస్పత్రిలో ఊపిరి యంత్రం మీద ఉంది. ఏం విషమో డాక్టర్లకి అంతు చిక్కలేదు. నిన్న సాయంత్రం మేనకోడలు సబ్బు మేడానికి ఫోన్ చేసి, మాటకంటే ముందు ఏడుపు మొదలుపెట్టింది.

"చాలా చిన్న కేసు మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంటి తాళాలు రెండే. ఒకటి ముసలామెది, ఒకటి ఈ పిల్లది. గింజలు చల్లేదీ నీళ్ళు పోసేదీ ఈ పిల్లే. మొన్న సాయంత్రం ఇద్దరూ తగువు పడ్డారు. 'ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఈ ఎలకలైనా ఉండాలి' అని ఈ పిల్ల అరిచిన అరుపు కింది వాటా దాకా వినబడింది. తెల్లారేసరికి ఎలకలూ లేవు, అత్తా లేదు. ఇంకేం కావాలి?"

"అత్త ఉంది. ఊపిరుంది."

"ఊపిరి యంత్రానిది మేడం."

ఆ మాట ఆమెకి గదిలో కంపు కన్నా ఎక్కువ రోత పుట్టించింది. వంటింట్లోకి నడిచింది.

మేనకోడలు స్టూలు మీద ఒదిగి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. నిన్నటి బేకరీ యాప్రాన్ ఇంకా ఒంటి మీదే ఉంది, చేతుల మీద పిండి ఎండి పొరలు కట్టింది. తలుపు దగ్గర కానిస్టేబులు కాపలా.

"ఏడుపు తర్వాత. నిన్న లేచిన దగ్గర్నుంచి చెప్పు. గడియారం చూసుకుంటూ చెబుతున్నట్టు చెప్పాలి."

"ఆరింటికి లైట్లు వాటంతటవే వెలుగుతాయి మేడం, టైమరుంది. ఆరున్నరకి నీళ్ళు చిలకరించి, ట్రేలు తిప్పాను."

"తిప్పడమంటే?"

"ఇటు కొస అటు వచ్చేలా ఒక్కో ట్రేని తిప్పి పెట్టాలి. అప్పుడే మొక్క నిటారుగా వస్తుందంటుంది అత్త. ఒక్కరోజు మర్చిపోయినా నిద్రలేపి మరీ తిప్పించేది."

"మొత్తం ఎన్ని ట్రేలు?"

"పన్నెండు. నాలుగు అరలు, అరకి మూడు. గోధుమగడ్డి నాలుగు, కొత్తిమీర మూడు, పుదీనా రెండు, కొత్తిమీరలా ఉండే పార్స్లీ రెండు, సోయికూర ఒకటి. వాటికి రోజూ పచ్చటి ఆకు పడాలి మేడం. సి విటమిన్ వాటి ఒంట్లో తయారు కాదట, మనలాగే. బజారు ఆకులకి పురుగుమందు కొడతారని అత్త బయటివి గుమ్మం దాటనిచ్చేది కాదు. టమాటా ఆకు, బంగాళాదుంప ఆకు, కలబంద, ఇంట్లో అందానికి పెంచే మొక్కలు, ఇవన్నీ వాటికి విషమని గోడ మీద కాగితం రాసి అంటించింది. ఇంత జాగ్రత్తగా ఉండే మనిషికే..."

"ఏడింటికి?"

"బేకరీకి వెళ్ళాను. ఏడు నుంచి తొమ్మిది దాకా కౌంటర్లో నేనే. తొమ్మిదింపావుకి ఇంటికొచ్చేసరికి అత్త నేల మీదుంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు, చెయ్యి పట్టుకుంటే జారిపోయింది."

"నోటి దగ్గర నురగ గానీ, బట్టల మీద ఏమైనా గానీ?"

"ఏమీ లేవు. శుభ్రంగా ఉంది. ముందు అంబులెన్సుకి ఫోన్ చేశాను, తర్వాత జంతువుల డాక్టరుగారికి. ఆయన తొమ్మిదీ ముప్పావుకి వచ్చారు. అప్పటికే ఐదూ పోయాయి."

"ఆ ఆకులు పెట్టింది జంతువులకి కదా. మీ అత్తెందుకు తింది?"

మేనకోడలి మొహంలో, అంత దుఃఖంలోనూ, నవ్వులాంటిది కదిలింది. "అది అత్త పద్ధతి. కొత్తగా కోసిన ఆకు ఏదైనా ముందు తను గుప్పెడు నమిలి మింగుతుంది. పావుగంట ఆగి అప్పుడు వాటికి పెడుతుంది. 'నేను తినలేనిది నా పిల్లలకెలా పెడతానే' అంటుంది. ఆ టైముకి గదిలో ఎవరుంటే వాళ్ళూ నమలాల్సిందే. గ్యాస్ సిలిండరు తెచ్చినతని చేతిలో కూడా నాలుగు రెబ్బలు పెట్టేది. మింగేదాకా వదిలేది కాదు. నాకు తల కొట్టేసినట్టుండేది."

"మొన్నటి గొడవ నిజమేనా?"

"నిజమే మేడం." తల దించుకుంది. "ఆ వాసన నా బట్టలకి పడుతోంది. బేకరీలో అందరూ మొహం చిట్లిస్తున్నారు. విసిగిపోయి అరిచాను. అమ్మ పోయిన నాటినుంచి పెంచిన మనిషిని పట్టుకుని ఆ మాటన్నాను. నిన్న పొద్దున్న కూడా మాట్లాడకుండానే వెళ్ళిపోయాను. నేను ఆవిడతో అన్న ఆఖరి మాట అదే మేడం. నన్ను జైల్లో పెట్టుకోమనండి, కానీ ముందు ఒక్కసారి ఆస్పత్రికి పంపించమనండి. పక్కన కూర్చుని తప్పయిందని చెప్పుకుంటాను. ఆవిడకి వినబడకపోయినా సరే."

సబ్బు మేడం ఎవరికీ మాటివ్వదు. ఈ వృత్తిలో మాటిచ్చినవాళ్ళు చివరికి మొహం చాటేయాల్సి వస్తుందని ఆమెకి తెలుసు. కానీ ఆ పిండి చేతులు చూస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంది. "పదకొండింటికి నువ్వు మీ అత్త పక్కన ఉంటావు. సరేనా?"

ముందుగదిలోకి తిరిగొచ్చి చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంది. ఎడమ గోడకి ఇనుప అరలు, ఒక్కో అర పైన తెల్లటి ట్యూబులైటు. కుడి గోడకి గినీ పందుల పంజరాలు రెండు. ఒకదాని మీద టీచరమ్మ చేతిరాతతో 'ఆకులు' అనీ, రెండోదాని మీద 'చుక్కలు' అనీ చీటీలు. పంజరాల వెనక మూలన, గడ్డి మీద పసుపూ ఆకుపచ్చా కలిసిన ముద్ద ఒకటి ఎండి అట్టకట్టి ఉంది. ఆమె కళ్ళు అటు వెళ్ళి, వెళ్ళినంత వేగంగా వెనక్కి వచ్చాయి. కడుపులో దేవినట్టయింది. 'అది తర్వాత,' అనుకుంది. 'ముందు ట్రేలు.'

లెక్క పెట్టింది. మళ్ళీ లెక్క పెట్టింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీకు లెక్కలొచ్చా?"

"ఏం?"

"ట్రేలు పదమూడున్నాయి."

"ఉంటే ఉన్నాయి. పన్నెండన్నది ఆ పిల్ల మాటే కదా."

"అర మూడు ట్రేలకే సరిపోతుంది. మూడో అరలో ఇది అడ్డంగా ఇరుక్కుని ఉంది చూడు. ప్రతి ట్రేకీ పుల్ల గుచ్చి, దాని మీద గింజ పేరూ తేదీ రాసింది టీచరమ్మ. దీనికి పుల్ల లేదు. నువ్వు ల్యాబుకి పంపుతానన్న ట్రే ఇదేనా?"

"అదే. పార్స్లీలో విషపు మొక్క కలిసిందని జంతువుల డాక్టరు చూడగానే చెప్పాడు. పుల్ల ఆ పిల్లే పీకేసి ఉంటుంది."

"పుల్ల పీకొచ్చు. మొక్కల నడుం ఎలా వంచుతుంది?"

ఆమె ఆ ట్రేనీ పక్కనున్న పార్స్లీ ట్రేనీ బల్ల మీద పక్కపక్కనే పెట్టింది. మొదటి చూపుకి రెండూ ఒకటే, చిన్నచిన్న కత్తిరింపులున్న ఆకులు. కానీ టీచరమ్మ పార్స్లీ కాడలన్నీ కింది నుంచి పైదాకా నిటారుగా ఉన్నాయి. పదమూడో ట్రేలో కాడలన్నీ మొదట్లో ఒకేవైపుకి వాలి, చివరి అంగుళం మాత్రం పైకి లేచి ఉన్నాయి.

"కిటికీ పక్కన పెరిగిన మొక్క వెలుతురు వైపు వాలుతుంది," అందామె. "ఈ గదిలో ఉన్న ఒక్క కిటికీకీ నల్లకాగితం అంటించి ఉంది. ఇక్కడ వెలుతురు నడినెత్తి మీద నుంచి వస్తుంది. పైగా రోజూ ట్రేలు తిప్పుతారు. ఇది ఎవరింట్లోనో కిటికీలో రెండు మూడు వారాలు, ఎవరూ తిప్పకుండా పెరిగింది. ఈ లైటు కిందికొచ్చాక కొసలు మాత్రం పైకి తిరిగాయి. అంటే వచ్చి ఒక రోజైంది. నిన్న ఆరున్నరకి లేదు. తొమ్మిదింపావుకి ఉంది."

ఇన్‌స్పెక్టర్ రుమాలు తీశాడు. "ఆ పిల్లే ఎక్కడో పెంచి తెచ్చుండొచ్చుగా."

"రోజూ తిప్పే అలవాటున్న పిల్ల, విషపు మొక్క దగ్గరికొచ్చేసరికి తిప్పడం మర్చిపోయిందా?"

 ఆమె ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. వెంటనే మొహం పక్కకి తిప్పుకుంది. ఎలక మూత్రం వాసన, ముక్కులో గుచ్చుకునేంత ఘాటుగా. పదిహేనేళ్ళ కిందట ఒక పాడి ఫారంలో పద్నాలుగు ఆవులు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలిపోయిన రోజున కూడా ఇదే వాసన చూసింది. కాడ అడుగున ఊదారంగు మచ్చలు కూడా ఉన్నాయి. పార్స్లీకి, క్యారెట్‌కి దాయాది లాంటి హెమ్లాక్ అనే మొక్క ఇది. మరే ఇంట్లో పెట్టినా ఈ వాసనకి ఇంటివాళ్ళకి అనుమానం వచ్చేది. ఈ గదిలో మాత్రం, గినీ పందుల మూత్రం నడుమ, ఎవరూ పట్టించుకోరు. ఎవరో ఆ సంగతి కూడా ఆలోచించే తెచ్చారు. టీచరమ్మ ప్రేమగా పెంచుకున్న ప్రాణుల వాసన చాటునే విషాన్ని దాచిపెట్టిన ఆ బుర్ర ఎలాంటిదో అనుకుంటే ఆమెకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది.

ఫారం కేసులో తెలుసుకున్న ఇంకో సంగతి ఆమెకి చప్పున గుర్తొచ్చింది. సెల్‌ఫోన్ తీసి ఆస్పత్రికి ఫోన్ చేసింది. టీచరమ్మ గది చూసే నర్సు పలికింది.

"సిస్టర్, పెద్ద డాక్టరుగారికి వెంటనే చెప్పండి. ఆ విషం పేరు హెమ్లాక్. దానికి విరుగుడు లేదు. కానీ యంత్రం మీద రెండు మూడు రోజులు ఊపిరి నిలబెట్టగలిగితే విషం దానంతటదే దిగిపోతుంది. మనిషి బతుకుతుంది. ఇంకొకటి. ఈ విషానికి ఒళ్ళే చచ్చుబడుతుంది, తెలివి పోదు. ఆవిడకి అన్నీ వినబడుతూ ఉండొచ్చు."

"అయ్యయ్యో!" అంది నర్సు. "మంచం పక్కనే నిలబడి మేం ఏవేవో మాట్లాడేశాం మేడం. ఇప్పుడే వెళ్ళి చెబుతాను."

"చెప్పండి. భయపడొద్దని, మేనకోడలు వస్తోందని ఆవిడ చెవిలో చెప్పండి."

వంటింటి గుమ్మంలో నిలబడి ఈ మాటలన్నీ విన్న మేనకోడలు రెండు చేతుల్తో నోరు మూసుకుంది. అప్పుడు టైము పదీ ముప్పై ఒకటి.

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మాటల్లో కాస్త పొగరు తగ్గింది, పూర్తిగా పోలేదు. "మొక్క బయటి నుంచి వచ్చిందనే అనుకుందాం. ఎవడో వచ్చాడనడానికి రుజువేది? గొళ్ళెం విరగలేదు. అడుగుజాడల్లేవు. చూసినవాళ్ళు లేరు. మీ కట్టుకథ కోర్టులో నిలబడదు మేడం."

గుమ్మం పక్కనున్న అట్టపెట్టెలో ఏదో కదిలింది. బతికి బయటపడ్డ ఆరో గినీ పంది. ఆమె పళ్ళు బిగబట్టి దాన్ని చేతిలోకి తీసుకుంది. మెత్తగా, వెచ్చగా, తడిగా ఉంది. అరచేతిలోనే రెండు పెంటికలు వేసింది. వాటిలో ఒకటి మెత్తగా, మెరుస్తూ ఉంది. గబుక్కున తల వంచి దాన్ని తినేసింది.

"ఛీ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దాని అలవాటది. నీ అలవాట్ల కన్నా నయమే." మేనకోడల్ని పిలిచింది. "మిగతా ఐదూ తిన్నాయి. ఇదెందుకు తినలేదు?"

"దానికి చిగుళ్ళు వాచాయి మేడం, నమల్లేదు. కాళ్ళ కీళ్ళు కూడా వాచాయి. 'చుక్కలు' అని రాసిన పంజరంలోదది. అందులో మూడూ అలాగే అయ్యాయి, దీనికి మరీ ఎక్కువ. నెల రోజులుగా ఆ మూడింటికీ ఆకులు ఆపేసి, ఎండుగడ్డీ విటమిన్ చుక్కలూ మాత్రమే ఇచ్చింది అత్త. ఏదో పరీక్షంది. మొన్నటితో ఆపేసి, అన్నిటికీ మళ్ళీ ఆకులు మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే ఆదివారం గినీ పందులు పెంచేవాళ్ళ మీటింగులో అందరితోపాటు నువ్వూ విను అంది."

ఆమె గినీ పందిని పెట్టెలో దించేసి చెయ్యి బట్టలకి రాసినంత పని చేసి, ఆగింది. గదిలో ఆమె చూడనిది ఇక ఒక్కటే మిగిలింది, ఆ మూల. చూడకుండా తప్పించుకోవడానికి ఇక సాకుల్లేవు.

పంజరాన్ని పక్కకి జరిపి మోకాళ్ళ మీద వంగింది. ఒక పుల్లతో ఆ ఎండిన ముద్దని విరిచింది. పులిసిన వాసన ముక్కుపుటాలకి అంటుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా నలగని హెమ్లాక్ ఆకులు. టీ రంగు చెమ్మ. వాటి మధ్య తెల్లగా, రబ్బరులా, గోరంత ముక్కలు. ఒకదాన్ని పుల్ల కొసన ఎత్తి వెలుతురుకి పట్టింది.

"అది జంతువుల కక్కు మేడం. దాంతో మీకేం పని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర్నుంచే.

"గినీ పందులు కోడిగుడ్లు తింటాయా?"

"ఏమిటీ?"

"ఇది ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన. అమ్మాయ్, నిన్న మీ అత్త గుడ్డు తిందా?"

"లేదు మేడం. పది దాకా ఉత్త నీళ్ళే తాగుతుంది. గుడ్డు వాసనే పడదు ఆవిడకి."

"విన్నావా? పప్పులో కాలేశావు ఇన్‌స్పెక్టర్. ఇంకో సంగతి కూడా విను. గినీ పందికి కక్కడం చేతకాదు. దాని ఒళ్ళే అంత. మింగింది మళ్ళీ పైకి రాదు. అందుకే టీచరమ్మ ప్రతి ఆకూ ముందు తను రుచి చూసేది. ఇది మనిషి కక్కు. నిన్న ఎవరో ఈ ట్రే పట్టుకుని వచ్చారు, టీచరమ్మే తలుపు తీసింది. జంతువుల్ని చంపడానికే వచ్చుంటారు. టీచరమ్మ పద్ధతి తెలియక ఇరుక్కున్నారు. ఆమె వాళ్ళ చేతిలోనూ ఆకులు పెట్టి నమలమంది. కాదంటే గుట్టు బయటపడుతుంది. నమిలి మింగారు. ఆవిడ అటు వంటింట్లోకి వెళ్ళగానే గొంతులో వేలు పెట్టుకుని ఈ మూల కక్కేశారు. తన ప్రాణం దక్కించుకున్నారు. ఆవిడ తన కళ్ళ ముందే విషం మింగిందని తెలిసి, నోరు మెదపకుండా తలుపు దగ్గరేసి వెళ్ళిపోయారు."

ఆమె ఎన్నో హత్యలు చూసింది. కోపంతో చేసినవి, భయంతో చేసినవి. ఒక్క మాట చెబితే బతికే మనిషిని, మర్యాదగా సెలవు తీసుకుని చావుకి వదిలేసి మెట్లు దిగినవాణ్ణి ఊహించుకుంటే, ఈ గదిలో అందరికన్నా శుభ్రమైనవి పెంటికలేననిపించింది.

"ఇది జంతువుల కక్కని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"రిపోర్టులో ఉంది."

"ఎవరి రిపోర్టు?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. చదువుతుంటే గొంతు నెమ్మదిగా నీరుగారిపోయింది. "'ఐదు జంతువులు పలుమార్లు వాంతి చేసుకుని మరణించినవి. కుళ్ళు వల్ల అంటువ్యాధులు ప్రబలే ప్రమాదం దృష్ట్యా గదిలోని గడ్డిని వెంటనే తొలగించి దహనం చేయవలెను.' కింద సంతకం... జంతువుల డాక్టరుది."

"మునిసిపాలిటీ బండిని పిలవమన్నది?"

"ఆయనే."

"గినీ పందికి కక్కడం చేతకాదన్న సంగతి ఆ చదువు చదివినవాడికి మొదటి ఏడాదే చెబుతారు. నీకు తెలియదని వాడికి తెలుసు. నీ మీద అంత నమ్మకం వాడికి! బయటి ఆకు గుమ్మం దాటనివ్వని టీచరమ్మ ఈ ట్రేని రానిచ్చింది కూడా డాక్టరు తెచ్చాడనే." ఆమె పంజరం మీదున్న చిన్న సీసా అందుకుంది. "అమ్మాయ్, ఈ విటమిన్ చుక్కలు ఎవరిచ్చారు?"

"డాక్టరుగారే మేడం. ఆయనే సొంతంగా కలిపి ఇస్తారు. ఊళ్ళో గినీ పందులున్న ఇళ్ళన్నీ అవే వాడతాయి."

సబ్బు మేడం ఒక చుక్క వేలి మీద వేసుకుని రెండు వేళ్ళ మధ్య సాగదీసింది. జిగటగా తీగ సాగింది. ఉత్త పంచదార పాకం, రంగు కలిపింది, సి విటమిన్ లేదు. టీచరమ్మ పరీక్షలో తేలింది ఇదే, కీళ్ళు వాచిన ఆ మూడు ప్రాణులే దానికి రుజువు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని మూగప్రాణులు చిగుళ్ళు వాచి, కీళ్ళు వాచి, ఎందుకో తెలియకుండానే పోయుంటాయి! వాటి కోసం ఏడ్చిన పిల్లలకి వాడే తల నిమిరి ధైర్యం చెప్పి ఉంటాడు.

"పరీక్ష మొదలుపెట్టినప్పుడే అత్త ఆయనకి చెప్పింది, మొన్న సాయంత్రం మళ్ళీ ఫోన్లో మాట్లాడింది," అంది మేనకోడలు, అప్పుడే అర్థమవుతున్నదానిలా. "'ఆదివారం అందరి ముందూ చెప్పబోతున్నాను. వెనక చెప్పడం నాకిష్టం లేదు, అందుకని ముందు మీకే చెబుతున్నా' అంది. ఏం చెబుతావని నేనడగలేదు. అప్పుడే వాసన గురించి గొడవ మొదలైంది."

"వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

ఇన్‌స్పెక్టర్ చేతిలో ఫైలు మూశాడు, తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"నిన్నే అడుగుతున్నది!"

"ఆస్పత్రిలో." మొహం పాలిపోయింది. "టీచరమ్మ పక్కన. ఆవిడకి వేరే బంధువుల్లేరు. ఈ పిల్లని నేను పంపను కదా... పాపం ఒంటరిగా ఉంది, నేను కూర్చుంటానన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి అక్కడే ఉన్నాడు. నేనే నర్సుకి చెప్పాను, లోపలికి రానివ్వమని."

సబ్బు మేడం గడియారం చూసింది. పదీ యాభై రెండు. నర్సుకి ఫోన్ చేసి ఇరవై ఒక్క నిమిషాలైంది. నిన్నటి నుంచి ఆ మనిషి నిశ్చింతగా కూర్చున్నాడు, ఎందుకంటే మంచం మీద ఉన్నది శవంతో సమానమని అతని లెక్క. టీచరమ్మ అన్నీ వింటోందని, రెండు రోజులాగితే లేచి కూర్చుని నోరు తెరుస్తుందని చెప్పి పంపింది తనే. ఈ మూలకి ముందు వచ్చి ఉంటే ఆ ఫోన్ అలా చేసేది కాదు. కక్కుని చూస్తే కడుపులో తిప్పుతుందని చివరికి వాయిదా వేసింది. ఇన్నేళ్ళలో ఎన్నిటినో అసహ్యించుకుంది. ఇంతగా తనని తను ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

"జీపు తియ్!" అని ఇన్‌స్పెక్టర్ మీద అరిచి, ఫోన్ కొట్టింది. మూడో రింగుకి నర్సు పలికింది.

"సిస్టర్, నేను చెప్పమన్నది ఎవరితో చెప్పారు?"

"అందరికీ చెప్పాను మేడం! పెద్ద డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు, చీటీ పంపించాను. పక్కన కూర్చున్న ఆ డాక్టరుగారికీ చెప్పాను. ఎంత సంతోషించారో! కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆవిడకి విశ్రాంతి కావాలి, ఎవర్నీ రానివ్వకండని ఇప్పుడే తలుపు దగ్గరేసుకున్నారు."

"తలుపు తియ్యి. ముందు తలుపు తియ్యి!"

పరుగెడుతున్న చెప్పుల చప్పుడు. తలుపు మీద దెబ్బలు. "లోపల గడియ పెట్టి ఉంది మేడం. డాక్టరుగారూ! డాక్టరుగారూ!"

మేనకోడలు సబ్బు మేడం చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "సిస్టర్, ఫోన్ స్పీకర్లో పెట్టి తలుపుకి ఆనించండి! అత్తా! నేనే అత్తా! తప్పయిపోయింది, విన్నావా? నీ మీద కోపంతో అన్నది కాదు. వస్తున్నా, ఊపిరి తీసుకుంటూ ఉండు, నేను వస్తున్నా!"

ఫోన్లో, తలుపు అవతల నుంచి ఇందాకటిదాకా సన్నగా వినబడుతున్న యంత్రం బుస ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక మగగొంతు, చాలా మర్యాదగా, పలికింది.

"ఆ ఫోన్ కట్టెయ్యండి సిస్టర్. పేషెంటు నిద్రపోతోంది."